ఒక్కసారి కట్టిన ముడి

దాదర్, బొంబాయి
అక్టోబరు

ఒరేయ్ మీనూ,

కూర్చుని చదువు. మా ఆవాన్‌కి నవజోత్ నిశ్చయించాం. ఫిబ్రవరిలో, కాలనీ తోటలోనే, సాయంత్రం పూట. నా కూతురు మెహెర్ హాలు తీసుకుందామంది. నేను ఒప్పుకోలేదు. పిల్ల పుట్టి పెరుగుతున్నది ఈ తోట పక్కన, మన మతంలోకి అడుగు పెట్టడానికి ఇంకో చోటు ఎందుకు?

ప్రార్థనలన్నీ నోటికి వచ్చేశాయి. ముందు పళ్లు రెండూ ఊడాయి కాబట్టి ప్రతి మాట వెనకా సన్నగా ఈల వినిపిస్తుంది. నవ్వు ఆపుకోలేక నేను వంటింట్లోకి పారిపోతున్నాను. తెల్ల సుద్రా చొక్కా కుట్టడానికి ఇచ్చాం. నడుముకి కట్టే కస్తీ తాడు మాత్రం మీ నవ్‌సారీలో నేసిందే కావాలి. సన్నటి ఉన్నితో, చిన్న నడుముకి మూడు చుట్లు తిరిగేంత పొడవు ఉండాలని మరదలు నర్గిస్‌తో చెప్పు. ఆ తాడు కట్టే చేతులు నీవి. మెహెర్‌కి నువ్వే కట్టావు, దాని కూతురికీ నువ్వే కట్టాలి. ఇది అడగడం కాదు, చెప్పడం.

నీ గొప్ప ఇక్కడిదాకా పాకింది తెలుసా? మా పై అంతస్తు బానూమాయి మొన్న నవ్‌సారీ వచ్చి, తెల్లవారుజామున మీ అగియారీ గుడి బావి దగ్గర నిన్ను చూసిందట. చేతులు కడుక్కోవడం, కస్తీ విప్పడం, కట్టడం, మళ్లీ విప్పడం, మళ్లీ కట్టడం. అంత భక్తి ఈ కాలంలో ఎక్కడుందని కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. ఇప్పుడు కాలనీ ఆడవాళ్లంతా నేనే సాధువుని కన్నట్టు చూస్తున్నారు. చిన్నప్పుడు స్నానం ఎగ్గొట్టి జుట్టు తడుపుకుని వచ్చేవాడివని నేనెవరికీ చెప్పలేదులే.

గురువారం కదా, మోకాలి డాక్టరు దగ్గర వరసలో కూర్చుని రాస్తున్నాను. నన్ను పిలుస్తున్నారు.

నీ అక్క ధన్

*

నవ్‌సారీ
నవంబరు

పూజ్యురాలైన అక్కయ్యకి,

నీ ఉత్తరం అందింది. సంతోషం. ఆవాన్‌కి నా ఆశీస్సులు.

ఫిబ్రవరిలో అగియారీలో అగ్నిసేవ వంతు నాది. రోజుకి ఐదు వేళలా చందనం సమర్పించాలి, వదిలి రావడం కుదరదు. పైగా దగ్గు పట్టుకుంది. దాదర్‌లో మంచి ఎర్వద్ పూజారులు ఎందరో ఉన్నారు, ఎవరితోనైనా జరిపించండి. కస్తీ నర్గిస్ పంపిస్తుంది.

బానూమాయి మాటలు పట్టించుకోకు.

మినోచెర్

*

దాదర్
నవంబరు

ఏమయ్యా ఎర్వద్ మినోచెర్‌ గారూ,

రాసింది అక్కకా, మునిసిపాలిటీకా? పూజ్యురాలట. నన్ను ఆ మాటతో పిలిచినవాడివి నువ్వొక్కడివే, పుట్టిన తరవాత మొదటిసారి.

నీ వంతు ఇంకొకరితో మార్చుకోవచ్చునని నాకు తెలియదా? మనది తరతరాలుగా పూజారుల ఇల్లు. దగ్గు అన్నావు, నీకు ఫిబ్రవరిలో రాబోయే దగ్గు నవంబరులోనే తెలిసిందన్నమాట. నా వల్ల ఏదైనా తప్పు జరిగితే మొహం మీద చెప్పు. మా ఆయన బర్జోర్ పోయినప్పుడు నాలుగు రోజులూ నా పక్కన నేల మీద కూర్చున్నవాడివి. ఇప్పుడు మనవరాలి పండగకి రమ్మంటే పరాయివాడిలా రాస్తున్నావు. ఆవాన్ నీ ఉత్తరం చదివించుకుని, తాతకి నేనంటే ఇష్టం లేదా అని అడిగింది. దానికి నేనేం చెప్పాలో కూడా నువ్వే రాయి.

వచ్చే ఆదివారం పొద్దుటి బండికి నవ్‌సారీ వస్తున్నాను. నీ గుమ్మంలో కూర్చుంటాను. నేను కూర్చుంటే ఎలా ఉంటుందో నీకు తెలుసు.

ధన్

*

నవ్‌సారీ
నవంబరు

ధన్ అక్కా,

రావద్దు. వచ్చి చూస్తావన్న భయంతోనే ఇది రాస్తున్నాను. చదివి చింపెయ్యి.

బానూమాయి నన్ను చూసిన పొద్దున నేను కూడా ఏడుస్తున్నాను. ఆవిడ దాన్ని భక్తి అనుకుంది.

కస్తీ ముడి బిగిస్తుండగా ప్రార్థనలో ఒక మాట సరిగా పలకలేదేమో అనిపిస్తుంది. సరిగానే పలికానని తెలుసు. తెలిసినా చేతులు ఊరుకోవు. విప్పుతాను. చేతులు మళ్లీ కడగాలి కదా, కడుగుతాను. కడిగిన చెయ్యి బావి గట్టుకి తగిలిందేమో అనిపిస్తుంది. మళ్లీ కడుగుతాను. మళ్లీ కడతాను. ఈసారి మాట సరిగానే వచ్చింది గానీ మనసులో ఏదో పాడు ఆలోచన మెదిలిందేమో అనిపిస్తుంది. అంతే, మళ్లీ మొదటికి. చేతి చర్మం పగిలిపోయింది. రోజూ నర్గిస్ వెన్న రాసి గుడ్డ చుడుతుంది. అన్నం ముందు ఇదే, నిద్ర లేవగానే ఇదే. ఊళ్లో వాళ్లు నన్ను చూసి చేతులు జోడిస్తుంటే నేల చీలితే బాగుండునని ఉంటుంది.

కిందటి నెల ఒక పొద్దున ఈ బావి దగ్గరే ఉండిపోయాను. అగ్నికి చందనం వెయ్యాల్సిన వేళ దాటిపోబోయింది. మా పెద్ద పూజారి దస్తూర్ తెహ్మురస్ గారు ఆ ముసలి కాళ్లతో పరుగెత్తి వెళ్లి వేశారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన కూడా భక్తి అనే అనుకుని ఉంటారు.

ఇప్పుడు చెప్పు. ఆవాన్ వెనక నిలబడి, దాని చిట్టి చేతులు పట్టుకుని, కాలనీ అంతా చూస్తుండగా ఆ ముడి వెయ్యడం మొదలుపెడితే నేను ఆపగలనా? పిల్ల నిలబడి ఉంటుంది, నేను విప్పుతూ కడుతూ ఉంటాను. దాని జీవితంలో మళ్లీ రాని సాయంత్రం అది. దాన్ని పాడు చెయ్యలేను. పిల్లకి చెప్పు, తాతకి నువ్వంటే ప్రాణం, అందుకే రావడం లేదని.

మీనూ

*

దాదర్
డిసెంబరు

మీనూ, నా తండ్రీ,

చింపలేదు. దిండు కింద పెట్టుకున్నాను. నవ్‌సారీ రాను, నువ్వు వద్దన్నావు కాబట్టి. కానీ నేనూ ఒక సంగతి నీ దగ్గర దాచాను, అది ముందు విను.

నా మోకాళ్లకి ఏ రోగమూ లేదు. గుర్రం మోకాళ్లు నావి. గురువారం గురువారం నేను వెళ్లేది పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు దగ్గరికి.

బర్జోర్ పోయాక అందరూ ధన్‌మాయి ఎంత ధైర్యంగా ఉందో అన్నారు. పెళ్లిళ్లకి కస్టర్డ్ చేసి పంపుతూనే ఉన్నాను, మెట్ల మీద అందరితో జోకులు వేస్తూనే ఉన్నాను. తలుపు వేసుకున్నాక మాత్రం కుర్చీలో కూర్చుంటే లేవలేకపోయేదాన్ని. ఒకనాడు పొయ్యి మీద పాలు పొంగి, మాడి, ఇల్లంతా పొగ నిండినా కూర్చునే ఉన్నాను. పొగకి భయం కూడా వెయ్యలేదు. అదే నన్ను భయపెట్టింది. మర్నాడు బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లాను.

మొదటిసారి ఏం జరిగిందో చెప్పనా? డాక్టరమ్మ ఎలా ఉన్నారని అడిగింది. బ్రహ్మాండంగా ఉన్నానన్నాను. మరి ఎందుకొచ్చారంది. అప్పుడు ఏడుపు మొదలుపెడితే ఆవిడ కాగితాలు తడిశాయి. ఇప్పుడు నిద్ర పడుతోంది. ఆకలి వేస్తోంది. నిన్న అకూరీ చేసుకుని ఒక్కదాన్నే మూడు గుడ్లు తిన్నాను.

కాలనీకి మోకాలు అని చెప్పాను. దాంతో ప్రతి ఇంటి నుంచీ ఒక తైలం వచ్చింది. ఆ వాసనకి పిల్లి కూడా మా ఇంటికి రావడం మానేసింది.

గురువారం రా. మీ వాళ్లకి నీ మోకాలు కూడా చెడిందని చెప్పు, మన వంశం మోకాళ్లే అంత అనుకుంటారు.

నీ ధన్

*

నవ్‌సారీ
డిసెంబరు

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు బయటికి రాలేదు. నువ్వు అలా కూర్చుని ఉంటే నాకు తెలియలేదు. నేను నా బావి దగ్గర ఉన్నాను.

నువ్వు బాగుపడ్డావు, అది చాలు. నా సంగతి వేరు. నువ్వు కస్టర్డ్ చేస్తావు, నేను అగ్నిని సేవిస్తాను. మతి చెడినవాడి చేతి చందనం ఎవరు ఒప్పుకుంటారు? మనం ఉన్నదే పిడికెడు మంది. పార్సీ అంటే ఒక మర వదులుగా ఉంటుందని బయటివాళ్లు ఎప్పుడూ నవ్వేదే. ఇంట్లో ఇంట్లో పెళ్లిళ్లు చేసుకుని రక్తం పాడు చేసుకున్నారంటారు. పూజారే పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లాడంటే వాళ్ల నోటికి నేనే బెల్లం అందించినట్టు కాదా?

సరే, వచ్చాననుకో. డాక్టరమ్మ మన మనిషైతే సాయంత్రానికి కాలనీ అంతా తెలుస్తుంది. మన మనిషి కాకపోతే కస్తీ అంటే ఏమిటో, నేను ఏ మాటకి భయపడుతున్నానో ఆవిడకి ఎలా చెప్పను? ప్రార్థన వల్లే ఇదంతా, మానెయ్ అంటుంది.

నిజం చెప్పాలంటే నా భయం అదే. చేతులు పగిలినా ఫరవాలేదు. ప్రార్థన మానమంటే నాలో ఇంకేం మిగులుతుంది? అలా అనదని నువ్వు మాటివ్వగలవా?

మీనూ

*

దాదర్
డిసెంబరు

మీనూ,

నేను ఎందుకు మాటివ్వాలి, ఆవిడనే అడిగి వచ్చాను. నీ పేరు చెప్పలేదు, మా దూరపు చుట్టం అన్నాను. ఆవిడ తలూపిన తీరు చూస్తే నమ్మినట్టు లేదు.

పేరు డాక్టర్ మృణాల్ సామంత్. మరాఠీ ఆవిడ. కస్తీ అంటే తెలియదు. తెలియదని చెప్పి, చూపించండి అంది. బల్ల మీదున్న కట్టుగుడ్డ చుట్ట తీసుకుని నా నడుముకి మూడు చుట్లు చుట్టి, ముందు ముడి, వెనక ముడి, మొత్తం చూపించాను. మధ్యలో నర్సు తలుపు తీసి, నన్ను చూసి, మళ్లీ వేసేసింది.

నీ సంగతి అంతా విని ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది, మా తమ్ముడి రోగం అంత మామూలుదా అని. దేవుడి గిన్నెలు రోజంతా తోమే బ్రాహ్మణుడు ఉన్నాడట, నమాజు ముందు కాళ్లు కడుగుతూ నమాజు వేళే దాటించుకునే ముసలాయన ఉన్నాడట, చెప్పిన పాపమే చెప్పుకోవడానికి మళ్లీ మళ్లీ పాదిరీ దగ్గరికి పరుగెత్తే క్రైస్తవ అమ్మాయి ఉందట. ఎవరికి వాళ్లు ఇది తమ మతంలో తమ ఒక్కరికే వచ్చిందనుకుని దాక్కుంటారట. రోగం మతం చూడదు గానీ, మనిషికి ఏది ప్రాణమో దాన్నే పట్టుకుంటుందంది.

అప్పుడు నీ ప్రశ్న అడిగాను. ప్రార్థన మానమంటారా అని. ఆవిడ అన్నది అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"ఆయన ఇప్పుడు ప్రార్థన ఎక్కడ చేస్తున్నారండీ? తప్పు వెతుక్కుంటున్నారు, అంతే. ఆయన ప్రార్థన ఆయనకి తిరిగి ఇప్పించాలనే నా ప్రయత్నం."

ఇక నా మాట. మనం పిడికెడు మందిమి అన్నావు. అందుకే ఒక్కణ్ణి కూడా బావి దగ్గర వదిలెయ్యడానికి వీల్లేదు. నవ్వేవాళ్లు నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్లకపోయినా నవ్వుతారు, వాళ్ల కోసం చేతులు పగలగొట్టుకుంటావా? నర్గిస్‌ని తీసుకుని రా. గదిలోకి నేను రాను, బయట బెంచీ మీద కూర్చుంటాను, నా నోరు కట్టేసుకుంటాను. ఇంత పెద్ద మాట నేనెవరికీ ఇవ్వలేదు.

ధన్

*

నవ్‌సారీ
జనవరి ఆఖరు

ధన్ అక్కా,

ఇంటికి వచ్చి నీకు రాస్తానన్నాను, ఇన్నాళ్లకి కుదిరింది. ఇప్పటికి వెళ్లిన గురువారాలన్నీ నువ్వు బెంచీ మీద నోరు కట్టుకునే కూర్చున్నావు. పక్కన కూర్చున్న రోగులందరి వంటకాలూ నీకు తెలిసిపోవడం వేరే సంగతి.

డాక్టరమ్మ ఇచ్చిన మాత్రకి మొదట్లో నోరు ఎండిపోయింది, ఇప్పుడు తగ్గింది. మాత్ర కన్నా ఆవిడ ఇచ్చిన ఇంటి పని కష్టం. చేతులు ఒక్కసారి కడుక్కో, కస్తీ ఒక్కసారి కట్టుకో, తప్పు జరిగిందనిపించినా బావి వదిలి నడిచి వచ్చెయ్ అంది. మొదటి రోజు వచ్చేశాను. వచ్చి వాకిట్లో కాలుగాలిన పిల్లిలా ఒకటే తిరిగాను. లోకం మునిగిపోతుందన్నంత భయం. నర్గిస్ గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చుంది. నేను బావి వైపు చూస్తే ఆవిడ నా వైపు చూస్తుంది. పోలీసుని పెళ్లాడానని అప్పుడే తెలిసింది. వలవాల్సిన చిక్కుళ్లు అయిపోయేసరికి భయం దానంతటదే కొంచెం సన్నగిల్లింది. లోకం అక్కడే ఉంది. నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఇప్పటికీ కొన్ని రోజులు ఓడిపోతుంటాను. నిన్న ఓడిపోయాను. ఇవాళ ఒక్కసారే కట్టుకున్నాను.

అసలు సంగతి ఇది. దస్తూర్ తెహ్మురస్ గారికి చెప్పేశాను. నీ మోకాలి కథ నాకు చేతకాలేదు. గురువారాలు ఎక్కడికి వెళ్తున్నానో, ఎందుకో మొత్తం చెప్పి, అగ్నిసేవ నుంచి తప్పించినా బాధపడనని చెప్పి, తల వంచుకుని నిలబడ్డాను. ఆయన నా కట్టు కట్టిన చేతులు తన చేతుల్లోకి తీసుకున్నారు.

"మా నాన్నవి కూడా ఇలాంటి చేతులే నాయనా. మేమంతా మహాత్ముడని కాళ్లకి మొక్కాం. ఆయన ఒక్కనాడూ కడుపారా తినలేదు, కంటినిండా నిద్రపోలేదు. ఆయనకి ఒక డాక్టరు ఉంటే బాగుండేది. నువ్వు వెళ్లు. నీ గురువారాలు అగ్ని సంగతి నేను చూసుకుంటాను" అన్నారు.

ఇద్దరం ఆ వరండాలో కూర్చుని ఏడ్చాం అక్కా. తరవాత ఆయన భార్య టీ, బతాసా బిస్కెట్లు తెచ్చి, మీ ఇద్దరికీ ఏమొచ్చిందని కోప్పడింది.

ఫిబ్రవరికి వస్తాను. ఆపగలనని మాట ఇవ్వలేను. వస్తానని మాత్రం మాట.

మీనూ

*

దాదర్
ఫిబ్రవరి

ఒరేయ్ మీనూ,

నువ్వు బండెక్కి ఇంకా రెండు రోజులు కాలేదు, మళ్లీ రాస్తున్నాను. ఇల్లంతా గులాబీ రేకులు, కొబ్బరి, చేపల వాసన. తోటలో ముగ్గులు ఇంకా చెరగలేదు. ఆవాన్ సుద్రా విప్పి ఉతకనివ్వడం లేదు.

నేను ముందు వరసలో కూర్చుని ఒక్క మాట కూడా వినలేదురా. నీ చేతులే చూస్తూ ఉన్నాను. నువ్వు పిల్ల వెనక నిలబడి తాడు తిప్పావు. మొదటి చుట్టు, రెండో చుట్టు. ముందు ముడి వేశావు. మూడో చుట్టు తిప్పి వెనక ముడి వేసేసరికి నీ చేతులు అక్కడే ఆగిపోయాయి. పక్కన నర్గిస్ నా మణికట్టు పట్టుకుంది, ఆ గోళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. నీ వేళ్లు మళ్లీ ముడి కొస పట్టుకోవడం నాకు కనిపించింది. విప్పేస్తావనుకున్నాను. అప్పుడు ఆవాన్ తల వెనక్కి తిప్పి ఏదో అడిగింది. నువ్వు వంగి ఏదో చెప్పావు. తరవాత నువ్వు లేచి నవ్వావు. అలాంటి నవ్వు నీ నవజోత్ ఫోటోలో చూశాను, మళ్లీ ఇప్పుడే. ఆ పిల్ల ఏం అడిగిందో నాకు చెప్పడం లేదు. అది తాతకీ నాకూ మధ్య సంగతి అంటోంది. నువ్వైనా చెప్పాలి.

ఇక భోజనాల దగ్గర నువ్వు చేసిన పని. నన్ను ముందే హెచ్చరించవలసింది. అరిటాకులో చుట్టిన చేప నోట్లో పెట్టుకోబోతున్నాను. బానూమాయి వరసంతటికీ వినిపించేలా, ఎర్వద్ గారి భక్తి నేను కళ్లారా చూశాను అని మొదలుపెట్టింది. నువ్వు నిమ్మళంగా ఆకు మీంచి తల ఎత్తావు.

"బానూమాయీ, అది భక్తి కాదు, జబ్బు. పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు దగ్గర మందు తీసుకుంటున్నాను. ఇప్పుడు బాగుంటోంది" అన్నావు.

వరసంతా చేపముల్లు గొంతులో పడ్డట్టు ఆగిపోయింది. వడ్డించేవాడు గరిటె పట్టుకుని నిలబడిపోయాడు. నాకు నిజం చెప్పాలంటే అసూయ పుట్టింది. ఏళ్లుగా ఈ కాలనీలో ఉంటూ నేను చెప్పలేనిది, బండి దిగి ఒక్క పూటలో నువ్వు చెప్పేశావు. ఊరుకోలేక నేను కూడా, నేను వెళ్లేదీ అక్కడికే, మోకాళ్లు చక్కగా ఉన్నాయి అనేశాను. నా మాట ఎవరూ పట్టించుకోలేదు, అందరూ బానూమాయినే చూస్తున్నారు. ఆవిడ మొహం తెల్లబోయింది. వెళ్లిపోతుందేమో అనుకున్నాను. ఆవిడ నీ పక్కకి కుర్చీ జరుపుకుని, గొంతు తగ్గించి అడిగింది కదా, మా అబ్బాయి సోలీ ఉద్యోగం పోయినప్పటి నుంచీ గది దాటి రావడం లేదు, ఆ డాక్టరమ్మ వాడిని చూస్తుందా అని. ఇన్నాళ్లూ సోలీ పరీక్షకి చదువుతున్నాడని చెప్పేది మాకు. నలభై ఏళ్లవాడికి ఏం పరీక్షరా, మేమూ ఎప్పుడూ అడగలేదు.

వచ్చే గురువారం బానూమాయీ, సోలీ, నేనూ ఒకే బస్సులో వెళ్తున్నాం. సోలీ గడ్డం గీసుకున్నాడట. బానూమాయి సంతోషం పట్టలేక మూడు డబ్బాల తీపి భాక్రాలు చేసింది. ఒక డబ్బా డాక్టరమ్మకి.

పిల్ల ఏం అడిగిందో వెంటనే రాయి. నాకు నిద్ర పట్టడం లేదు. ఇది డాక్టరుకి చెప్పే రకం కాదు, మామూలు రకం.

ధన్

*

నవ్‌సారీ
మార్చి

ధన్ అక్కా,

సోలీ వెళ్లినందుకు నాకు ఎంత ఆనందమో రాయలేను. అతనికి చెప్పు, మొదటి కొన్ని గురువారాలు ఏమీ మారినట్టు ఉండదు, అయినా వెళ్లమని.

ఇక నీ ప్రశ్న. ఆవాన్‌ని అడిగి అనుమతి తీసుకున్నాకే రాస్తున్నాను, పోస్టుకార్డు మీద ఒప్పుకుంది.

నువ్వు చూసింది నిజమే. వెనక ముడి దగ్గర నాకు ఒక మాట తప్పు పలికాననిపించింది. ఈసారి అనిపించడం కాదు, నిజంగానే తప్పు పలికాను. చేతులు విప్పడానికి సిద్ధమయ్యాయి. ఇంత మంది ముందు, ఈ పిల్ల నడుము మీద, మళ్లీ మొదటి నుంచీ. డాక్టరమ్మ చెప్పినవన్నీ మరిచిపోయాను. ఇక అంతా అయిపోయిందనుకున్నాను.

అప్పుడు ఆవాన్ తల తిప్పి, ఆ పళ్ల సందులోంచి ఈల వేస్తూ, "తాతా, అయిపోయిందా?" అని అడిగింది. పాపం దానికి ఆకలేస్తోంది.

ఆ ప్రశ్న నాకు నేనే రోజూ ఎన్నిసార్లు వేసుకున్నానో అక్కా. బావి దగ్గర, వాకిట్లో, అన్నం ముందు. ఏనాడూ అవునని చెప్పుకోలేకపోయాను. కానీ అడుగుతున్నది పిల్ల. దానికి అబద్ధం చెప్పకూడదు కదా. ముడి చూశాను. ముడి బాగానే పడింది. వంగి దాని చెవిలో చెప్పాను.

"అయిపోయిందమ్మా."

మీనూ